గోడ మీది మామగారు

తెక్ సూన్ కమలాపళ్ళు తెచ్చి గంజి గిన్నెల మధ్య పెట్టాడు.

"తినండి," అన్నాడు. "నాకు పెట్టినవే."

బల్ల దగ్గర ఎవరూ కదల్లేదు. కొడుకు బున్ హాక్ చేతిలో చెంచా గంజిలోనే ఆగిపోయింది. కోడలు గైక్ సిమ్ పొయ్యి దగ్గర ఉప్పు గుడ్డు కోస్తోంది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ పళ్ళు ఎక్కడివో ఆమెకు తెలుసు. నిన్న సాయంత్రం ఎవరో ఆడమనిషి వీధి గోడ కింద పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని పోవడం దుకాణంలోంచి ఆమె చూసింది.

"పారెయ్ నాన్నా వాటిని," అన్నాడు బున్ హాక్.

"పారేస్తారా? పోయినవాళ్ళకి పెట్టిన పళ్ళు ఎవరైనా పారేస్తారా? మీ అమ్మ ఉంటే ఆ మాటకి చెంప పగలగొట్టేది. దండం పెట్టుకున్నాక ఇంట్లోవాళ్ళు తినాలి. అదీ పద్ధతి." ఒక పండు తీసుకుని వలవడం మొదలుపెట్టాడు. "పోయినవాడే కూర్చుని తినొచ్చా అన్నది మాత్రం నాకెవరూ చెప్పలేదు. నేనే మొదటివాణ్ణేమో."

తొన తరవాత తొన నోట్లో వేసుకున్నాడు. గింజలు అరచేతిలోకి ఊసి బల్ల మీద వరసగా పేర్చాడు. పండు తియ్యగా ఉందని ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది. చూడ్డానికి అదే మరీ కష్టంగా ఉంది.

ఆ గోడ ఈ ఇంటిదే. వీధి వైపు, మిద్దె కిటికీల దాకా, ఆయన ముఖమే. కాలరు చొక్కా, పక్కకి దువ్విన జుట్టు, నవ్వీ నవ్వని పెదాలు. అంతా నలుపూ తెలుపూ. మలేసియాలోని ఈ జార్జ్ టౌన్‌లో చీనావాళ్ళ ఇళ్ళలో రంగుల్లేని ముఖం ఉండే చోటు ఒక్కటే, పోయిన పెద్దల ఫోటోలు పెట్టి దండం పెట్టుకునే అర. అందుకే బొమ్మ చూసిన ప్రతి చీనా మనిషీ మొదట తల వంచి, ఆ తరవాతే ఫోన్ పైకెత్తుతున్నాడు.

బొమ్మ వేసినవాడి తప్పు లేదు. వాడు కౌలాలంపూర్ నుంచి వచ్చి, మామగారి మంచి ఫోటో ఒకటి ఇమ్మని గైక్ సిమ్‌ని అడిగాడు. ఆమె బీరువా తీసింది. మామగారి బట్టల అడుగున, పోయినప్పుడు తనకి తొడగమని ఆయన కుట్టించి పెట్టుకున్న జత కింద, స్టూడియోలో తీయించిన ఫోటో కనబడింది. ఇంట్లో ఆయన కాలరు చొక్కాతో ఉన్న ఫోటో అదొక్కటే. తీసి ఇచ్చేసింది. ఆయన శవపేటిక ముందు పెట్టడానికి, ఆయనే ముందుగా తీయించి దాచుకున్న ఫోటో అని ఆమెకి తెలీదు. బొమ్మ మీది తెర తీసిన రోజు ఆయన తలెత్తి చూసి, తల దించుకుని కోడలి వైపు చూశాడు. ఆ చూపే ఆఖరు. మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు.

"నాన్నా," బున్ హాక్ గొంతు సవరించుకున్నాడు. "నిన్న అద్దె కోసం ఇంటాయన వచ్చాడు."

"ఏమంటాడు?"

"ఏమీ లేదు. పగటిపూట జనం ఉన్నంతసేపు నిన్ను మన సందులోకి రిక్షా తేవద్దన్నాడు."

తెక్ సూన్ నములుతున్నది ఆపాడు. "ఏం, నా బండి పొగ వదుల్తుందా?"

"అది కాదు."

"హారను కొడతానా?"

"అది కాదు నాన్నా. చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఆ ముసలాయన పోయాడని చెప్తున్నారట. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటుంటే నువ్వు బండి తొక్కుకుంటూ వస్తున్నావు. నవ్వులాట అయిపోతోందట."

"ఓహో. అంటే నేను చావాలి."

"చావమని ఎవరన్నారు? పక్క సందులో తొక్కుకోమన్నారు!"

అన్నాక ఆ మాట ఎలా ఉందో బున్ హాక్‌కే వినబడింది. గంజి వైపు చూస్తూ ఉండిపోయాడు. ముసలాయన నవ్వాడు. గొంతులోంచి వచ్చింది గానీ కళ్ళ దాకా రాలేదు.

"సున్నం కొట్టించు," అన్నాడు. "ఎంత సేపు పని? నేనే కొడతా, నిచ్చెన తెచ్చివ్వు."

"సున్నం కొట్టిన రోజున ఇల్లు ఖాళీ చెయ్యాలి. అటు పక్క ఇల్లు హోటలయింది. ఇటు పక్కది కాఫీ హోటలయింది. మధ్యలో మనల్ని ఎందుకు ఉండనిచ్చాడనుకుంటున్నావ్, నీ అందం చూసా? ఆ గోడ చూసి. కింద జాజికాయ షర్బత్ తాగడానికి జనం ఆగుతున్నారంటే ఆ గోడ చూసి. ఆయన ఈ మాట నవ్వుతూనే అన్నాడు నాన్నా. కోప్పడితే బాగుండేది."

"నేను ఈ ఇంట్లో పుట్టాను."

"అద్దె కాగితంలో ఆ సంగతి లేదు."

గైక్ సిమ్ కోసిన గుడ్డునే మళ్ళీ కోస్తోంది.

"అమ్మాయ్."

కత్తి ఆగింది. మామగారు తనని పిలిచాడన్నది ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు.

"చేతులు కడుక్కుని బండెక్కు," అన్నాడు తెక్ సూన్.

"ఎక్కడికి నాన్నా? దుకాణం తెరిచే వేళ!" అన్నాడు బున్ హాక్.

"నువ్వు తెరువు. షర్బత్‌లో ఐసు వెయ్యడానికి ఇద్దరెందుకు?"

*

ఈ ఊరి రిక్షాల్లో ఎక్కినవాళ్ళు ముందు కూర్చుంటారు, తొక్కేవాళ్ళు వెనక. ఎదురొచ్చే బండ్లూ, కారూ, కుక్కా అన్నీ ఎక్కినవాళ్ళ ఒళ్ళోకే వస్తున్నట్టుంటాయి. తొక్కే మనిషి మాత్రం కనబడడు. గైక్ సిమ్ రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని కూర్చుంది. వెనక గొలుసు కిర్రుమంటోంది. మామగారి ఊపిరి తల మీదుగా వినబడుతోంది.

సందు మొదట్లోనే జనం గుంపులుగా ఉన్నారు. ఒక గోడ మీద పిల్లి బొమ్మ, దాని ముందు వరస. ఇంకో గోడ మీద ఇనప తీగతో వంచిన మనుషులు, దాని ముందు ఇంకో వరస. వరసలో ఉన్నవాళ్ళు ఎండకి ముఖాలు చిట్లించుకుని, తమ వంతు రాగానే నవ్వి, ఫోటో దిగి మళ్ళీ చిట్లించుకుంటున్నారు. తెక్ సూన్ గంట కొట్టకుండా వాళ్ళ మధ్యలోంచి నీళ్ళలా బండిని తీసుకుపోయాడు. వన్‌వే వీధి దాటించి, నీడ ఉన్న వైపుకి తిప్పి, బజారు ముందు ఆపాడు.

"చూస్తూ ఉండు," అన్నాడు.

ఏం చూడాలో చెప్పలేదు. గైక్ సిమ్ చూస్తూ కూర్చుంది. చేపలమ్మే ఆమె నీళ్ళు కుమ్మరించింది. టోఫూ బండి వెళ్ళింది. కాసేపటికి ఖూ ముసలమ్మ రెండు చేతుల్లో రెండు సంచులతో, ఒక సంచిలోంచి కోడి కాళ్ళు బయటికి వేలాడుతుండగా, మెట్లు దిగింది. గైక్ సిమ్ కాపురానికి వచ్చిన దగ్గరనుంచీ ఆ ముసలమ్మను రోజూ పొద్దున్నే ఇంటికి దింపేది మామగారే. దార్లో ఇద్దరూ కోడళ్ళను తిట్టుకునేవారని కూడా ఆమెకి తెలుసు.

ఖూ ముసలమ్మ రిక్షాను చూసింది. ఆగింది. తొక్కే మనిషి వైపు చూడకుండా కూర్చున్న మనిషితో మాట్లాడింది.

"ఏమ్మా, బాగున్నావా? మీ మామకి చెప్పు. నాకు మోకాళ్ళు నయమైపోయాయి. డాక్టరు నడవమన్నాడు."

"సంచులు బరువుగా ఉన్నాయి కదా పెద్దమ్మా, ఎక్కండి, నేను దిగుతాను."

"వద్దు వద్దు! కూర్చో." ముసలమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. "మా మనవరాలి పెళ్ళి పెట్టుకున్నామమ్మా వచ్చే నెల. ఇంట్లో శుభకార్యం. నువ్వు ఏమనుకోకు. నేనేమీ నమ్మను ఇలాంటివి. మా కోడలే..."

మాట పూర్తి చెయ్యకుండానే ఊరి ఉచిత బస్సు వచ్చి ఆగింది. నయమైన మోకాళ్ళతో ఆమె ఒక్కో మెట్టూ గుంజుకుని ఎక్కింది. కోడి కాళ్ళు తలుపులో ఇరుక్కున్నాయి. డ్రైవరు మళ్ళీ తలుపు తెరవాల్సి వచ్చింది.

బండి కదిలింది.

రిక్షాల స్టాండు దగ్గర బండ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఒక్కచోట మాత్రం ఖాళీ, ఆ ఖాళీకి అటూ ఇటూ ఇంకాస్త ఖాళీ. ఆ మధ్యది మామగారి చోటు. పక్కవాళ్ళు బండ్లు జరుపుకున్నారు. ప్లాస్టిక్ పూలు కట్టి, పాటలు పెట్టుకున్న దీన్ బండి ఒక్కటే కాస్త దగ్గరగా ఉంది. దీన్ మలయ్ మనిషి, ఆయనకి ఈ పట్టింపులు లేవు.

"ఏం సూన్ అన్నా, ఇవాళ గోడ దిగొచ్చావా?" అని అరిచాడు దీన్. "నాకూ ఓ గోడ చూసిపెట్టన్నా. అంత ఎత్తున కూర్చుంటే మా ఆవిడ చీపురు అందదు."

"నువ్వు గోడెక్కితే గోడ కూలుద్ది," అన్నాడు తెక్ సూన్. రోజూ అనే మాటే. కానీ బండి ఆపలేదు.

మిగతావాళ్ళు ఎవరూ నవ్వలేదు. ఒకడు సిగరెట్ కాలి కింద వేసి నలుపుతూ, అది ఆరిపోయాక కూడా నలుపుతూనే ఉన్నాడు.

సముద్రం వైపు రోడ్డు మీదికి వచ్చాక మామగారు నెమ్మదిగా తొక్కసాగాడు.

"నువ్వా ఫోటో ఇచ్చినందుకు నాకు కోపం లేదు," అన్నాడు.

ఎదురొచ్చిన కారుని దాటనిచ్చాడు.

"అబద్ధం," అన్నాడాయన. "ఉంది."

"నాకు తెలీదు మామయ్యా. మా ఊళ్ళో..."

"మీ ఊరి సంగతి తెలుసులే. మీ వరిచేల ఊళ్ళో మనిషి పోయాక ఫోటో వెతుకుతారు. గుర్తింపు కార్డు మీద ముఖం పెద్దది చేయిస్తారు. మీ నాన్న కర్మకి వచ్చానుగా, చూశాను. మంచి మనిషి, పాపం ఫోటోలో కోళ్ళదొంగలా ఉన్నాడు."

ఆమెకి నవ్వొచ్చింది.

"అలా కాకూడదనే నేను ముందు తీయించుకున్నా. చొక్కా వాడిదే, స్టూడియోవాడిది. దువ్వెనా వాడిదే. కాస్త నవ్వు తాతా, మనవలు చూస్తే భయపడకుండా ఉంటారు అన్నాడు. నవ్వాను." గొలుసు కిర్రుమంది. "మనవలు రాలేదనుకో. అది వేరే సంగతి."

గైక్ సిమ్ సీటు అంచు ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన కూడా అనలేదు. ముఖం కనబడకపోవడం ఇద్దరికీ మేలయిందనుకుంది.

"ఇంకో ఫోటో తీయిద్దాం మామయ్యా. నేను దగ్గరుండి..."

"రెండుసార్లు చస్తారా ఎవరైనా?"

సముద్రపు గాలికి ఆమె జుట్టు ముఖం మీద పడింది. తీసుకోలేదు.

"ఇదివరకు ఈ ఊళ్ళో నేను ఎదురైతే మనుషులు ఎక్కడికి పోతావు, తిన్నావా అని అడిగేవాళ్ళు. ఇప్పుడు పెళ్ళీ పేరంటం ఉన్నవాళ్ళు రోడ్డు దాటి అవతలికి పోతున్నారు. చచ్చినవాడి బండెక్కితే ఎక్కడికి తీసుకుపోతాడో అని. నాకు కూలి పోయిందని కాదమ్మాయ్. నన్ను తిన్నావా అని అడిగేవాళ్ళు పోయారు."

"నేనేం చెయ్యను మామయ్యా?"

"సున్నం కొట్టించమని ఇంటాయన్ని అడుగు. నా మాట వినడు. నా కొడుకు అద్దె కాగితం మీద సంతకం పెట్టాడు, వాడు నోరెత్తలేడు. ఫోటో ఇచ్చిన మనిషివి నువ్వు. ఇచ్చింది వెనక్కి అడిగే హక్కు ఇంకెవరికుంది?"

"ఇల్లు పోతే ఎక్కడికి వెళ్తాం?"

ఆమె తల తిప్పబోయింది.

"ముందుకి చూడు," అన్నాడాయన. "తిరిగితే బండి ఒరుగుతుంది."

కొంత దూరం పోయాక మళ్ళీ గొంతు వినబడింది. ఈసారి బాగా తగ్గింది. "ఆ సంగతి నాకు తెలీదనుకున్నావా? రాత్రుళ్ళు నేను ఆలోచించేది అదే. ఇల్లుండాలా, నేనుండాలా అని. నేను తేల్చుకోలేకపోయాను. అందుకే నిన్ను అడుగుతున్నా."

*

తిరిగి వచ్చేసరికి సందు నిండిపోయింది. గైక్ సిమ్ వద్దనలేదు. ఆయన అడగలేదు. రిక్షా సందులోకి తిరిగింది.

దుకాణం ముందు బల్ల దగ్గర ఇంటాయన తెల్లని చొక్కాతో కూర్చుని జాజికాయ షర్బత్ తాగుతున్నాడు. పక్కన బున్ హాక్ ట్రే పట్టుకుని నిలబడ్డాడు. రిక్షాను చూసి బున్ హాక్ తల అడ్డంగా ఊపాడు. ఒక్కసారే, చిన్నగా, ఇంటాయనకి కనబడకుండా.

గోడ కింద పదిహేను మంది దాకా ఉన్నారు. వాళ్ళని నడిపించుకొచ్చిన అమ్మాయి చేతిలో చిన్న పచ్చజెండా. ఈ మధ్యే కౌలాలంపూర్ నుంచి వచ్చి గైడు పనిలో చేరింది, పేరు వెయ్ యీ. గోడ కింద ఎవరో ఇసక పోసిన డబ్బా పెట్టారు. అందులో అగరువత్తులు పొగలుతున్నాయి.

"పెద్దయ్యా," మెళ్ళో పెద్ద కెమెరా వేసుకున్నతను తెక్ సూన్‌తో మర్యాదగానే అన్నాడు. "బండి కొంచెం వెనక్కి తీస్తారా? బొమ్మకి అడ్డం వస్తోంది."

తిడతాడనుకుంది గైక్ సిమ్. తిడితే బాగుండుననీ అనుకుంది.

తెక్ సూన్ దిగి, హేండిల్ పట్టుకుని, బండిని వెనక్కి లాగాడు.

"ఇంకొంచెం?" అని అడిగాడు.

"చాలండి. థాంక్స్."

ఎవరూ ఆయన ముఖం చూడలేదు. చూసినా పోల్చుకోలేరు. తల మీద గడ్డి టోపీ, ఒంటి మీద చెమటకి అంటుకున్న బనియను, గడ్డం మీద నెరిసిన ముళ్ళు. స్టూడియోవాడు ముడతలన్నీ తుడిచేశాడు. ఆ తుడిచేసిన ముఖమే గోడ మీద ఉంది.

"ఈ వీధిలో ఆఖరి రిక్షా తాతయ్య ఈయన," అంటోంది వెయ్ యీ. "ఈ ఇంట్లోనే పుట్టారు, ఈ ఇంట్లోనే..." అని ఆగి, రిక్షాలో కూర్చున్న గైక్ సిమ్‌ని చూసి ముఖం విప్పార్చుకుంది. "అరే, అక్కా! చూశారా, ఈ అక్క ఆయన కోడలు. కింద షర్బత్ దుకాణం వీళ్ళదే. అక్కా, వీళ్ళు అడుగుతున్నారు, నాకూ సరిగ్గా తెలీదు. తాతయ్య పోయి ఎన్నాళ్ళయింది?"

పదిహేను ముఖాలు ఆమె వైపు తిరిగాయి.

ఇంటాయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. బున్ హాక్ ట్రేని గుండెకి ఆనించుకున్నాడు. వెనక గొలుసు చప్పుడు లేదు, ఊపిరి చప్పుడు కూడా లేదు.

ఇదిగో, వెనకే ఉన్నారు అంటే చాలు. నోటికి రెండు మాటలు. గైక్ సిమ్ పెదాలు విడివడ్డాయి. మిద్దె మీద తీగకి ఆరేసిన తన పూల లంగా, బున్ హాక్ చొక్కా, మామగారి బనియను కనబడ్డాయి. ఆ తీగ ఇంకెక్కడ కట్టుకుంటాం అన్న ఆలోచన వచ్చింది. పెదాలు మళ్ళీ కలుసుకున్నాయి.

వెయ్ యీ కళ్ళు చెమర్చాయి. "సారీ అక్కా. అడక్కుండా ఉండాల్సింది," అని దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. గుంపులో ఒకాయన టోపీ తీశాడు. ఇద్దరు ముగ్గురు తల వంచారు.

ఆమె ఏమీ అనలేదు. అనకపోవడమే సరిపోయింది.

వెనక చెప్పుల చప్పుడయింది. తెక్ సూన్ ఆమెను దాటుకుని ముందుకొచ్చాడు. గుంపులో ఇపో ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అప్పుడే వెలిగించిన అగరువత్తులు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇలా ఇవ్వమ్మా," అన్నాడు. ఆవిడ ఇచ్చింది.

ఆయన వెనక్కి తిరిగి, వాటిని గైక్ సిమ్ చేతిలో పెట్టాడు. వేళ్ళు ఒక్కొక్కటీ తనే మూశాడు. ఆయన చేతులు పిల్లవాడి చేతుల్లా వేడిగా ఉన్నాయి.

"పెట్టు," అన్నాడు. గొంతులో కోపం లేదు. "కోడలివి గదా. అందరూ చూస్తున్నారు."

"మామయ్యా," అంది. పైకి వచ్చిందో లేదో ఆమెకే తెలీదు.

"దిగమ్మా. కాళ్ళకి బండి తగుల్తుంది, చూసుకో."

ఆమె దిగింది. దుకాణంలోంచి బున్ హాక్ ఆమె వైపే చూస్తున్నాడు. అతని అరచెయ్యి గాల్లో చిన్నగా కదిలింది. కానివ్వు, కానిచ్చెయ్, అన్నట్టు. ఇంటాయన కుర్చీలో కాస్త ముందుకి జరిగాడు.

తెక్ సూన్ నడిచివెళ్ళి, ఇసక డబ్బా పక్కన, బొమ్మ కింద, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. గడ్డి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. చెమటతో తడిసిన జుట్టుని అరచేత్తో పక్కకి దువ్వుకున్నాడు.

గుంపులో ఎవరో చిన్నగా ఏదో అన్నారు. ఒక ఫోన్ కిందికి దిగింది. తరవాత ఇంకొకటి. వెయ్ యీ గోడ మీది ముఖాన్ని చూసి, కిందికి చూసి, మళ్ళీ పైకి చూసింది. పచ్చజెండా ఆమె చేతిలో వాలిపోయింది.

పొగ గైక్ సిమ్ కళ్ళలోకి వస్తోంది. ఆమె వత్తులు రెండు చేతులతో పట్టుకుని నడిచింది.

తెక్ సూన్ కళ్ళు మూసుకున్నాడు.